చేతుల వణుకు, గుండె దడ, ఊరకే కంగారు: ఇది నరాల బలహీనతేనా?

కొండపి పొగాకు రైతు | మార్చి 14, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నా వయసు 47 సంవత్సరాలు. కొండపి దగ్గర మాకున్న 4 ఎకరాలతో పాటు మరో 5 ఎకరాలు కౌలుకు తీసుకుని వర్జీనియా పొగాకు వేస్తున్నాను. సంక్రాంతి దాటినప్పటి నుంచి నాకు ఒక ఇబ్బంది మొదలైంది. తెల్లవారుజామున 3 గంటలకు మెలకువ వస్తుంది. కారణమేమీ లేకుండానే గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, కడుపులో తిప్పినట్టవుతుంది. పగలు కొంత తగ్గుతుంది. కానీ వేలం కేంద్రంలో కొనుగోలుదారులు నా బేళ్ల వరుస దగ్గరికి వస్తున్నారంటే చాలు, చేతులు వణకడం మొదలవుతుంది. నిన్న మూడు బేళ్లు నో బిడ్ అయ్యాయి, అంటే ఎవరూ ధర చెప్పలేదు. తర్వాత కాగితం మీద సంతకం చేయబోతే పెన్ను నిలవలేదు, పక్కనున్నవాళ్లు చూశారు.

మా ఊరి ఆర్‌ఎంపీ ఇది నరాల బలహీనత అని చెప్పి, వారానికి ఒకటి చొప్పున నాలుగు బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్లు వేశారు. రాత్రిపూట వేసుకోమని చిన్న మాత్ర కూడా ఇచ్చారు. అది వేసుకున్న రాత్రి నిద్ర పడుతుంది, వేసుకోని మరునాడు ముందుకంటే ఎక్కువ కంగారుగా ఉంటుంది. మా అమ్మ దడుపు అంటోంది, మా తమ్ముడు అప్పుల ఆలోచన అంటున్నాడు, నాకు మాత్రం గుండెకేదో అయిందనే భయంగా ఉంది. ఎవరికైనా ఇలాంటిది వచ్చి తగ్గి ఉంటే దయచేసి చెప్పండి.

కావలి ఉపాధ్యాయురాలు | మార్చి 14, రాత్రి 10:51

రైతు గారూ, మీరు రాసింది చదువుతుంటే మూడేళ్ల క్రితం నా పరిస్థితి గుర్తుకు వచ్చింది. బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క వణికేది, మెట్లెక్కితే గుండె పరుగెత్తేది, పిల్లల మీద ఊరకే విసుగు వచ్చేది. బదిలీల గురించి బెంగ పెట్టుకున్నానని ఇంట్లోవాళ్లన్నారు, నేనూ అదే అనుకున్నాను. కానీ ఆకలి బాగా ఉండి, రెండు పూటలకు బదులు మూడు పూటలు తింటున్నా, నాలుగు నెలల్లో 7 కిలోలు తగ్గాను. జనవరి చలిలో కూడా ఫ్యాను లేకుండా కూర్చోలేకపోయేదాన్ని.

ఆ రెండు సంగతులు విన్న తర్వాతే ఒక డాక్టరు గారు థైరాయిడ్ పరీక్ష రాశారు. థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే టీఎస్‌హెచ్ సాధారణంగా 0.4 నుంచి 4 మధ్య ఉండాలి, నాకు దాదాపు సున్నాకు పడిపోయింది, ఆ గ్రంథి తయారుచేసే టీ4 బాగా పెరిగింది. గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోందని చెప్పి, దాన్ని తగ్గించే కార్బిమజోల్ మందు మొదలుపెట్టారు. ఆ మందు వాడుతున్నప్పుడు జ్వరం గానీ గొంతు నొప్పి గానీ వస్తే, అది మామూలు జలుబే అనుకోకుండా వెంటనే తెల్లరక్తకణాల పరీక్ష చేయించుకోవాలని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు కాబట్టి, ఇదే మందు వాడేవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. రెండు నెలలకు వణుకు పోయింది. నాకున్నది బెంగ కానే కాదు. మీరు బరువు తగ్గారా? వేడికి తట్టుకోలేకపోతున్నారా?

అల్లూరు రొయ్యల రైతు | మార్చి 14, రాత్రి 11:30

అన్నా, గుండె గురించి మీకున్న భయాన్ని నేను ఒక సంవత్సరం మోశాను. రెండు గుంటల్లో వెనామీ రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చి పంట మొత్తం పోయిన తర్వాత ఒకరాత్రి, కరెంటు పోయి నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగినప్పుడు, జనరేటరు వేయడానికి పరుగెత్తుతూ గట్టు మీదే కూలబడ్డాను. ఛాతీ బిగుసుకుంది, ఊపిరి అందలేదు, వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కాయి, ఇక చచ్చిపోతున్నాననిపించింది. నెల్లూరు తీసుకుపోయారు. ఈసీజీ, ఎకో, రక్తపరీక్ష అన్నీ బాగున్నాయన్నారు. ఆ తర్వాత ఐదు నెలల్లో మరో రెండుసార్లు అదే జరిగింది, రెండుసార్లూ అవే పరీక్షలు, అదే జవాబు.

మూడోసారి అక్కడి డాక్టరు గారే మనోవైద్యుడి దగ్గరికి పంపారు. ఇది పానిక్ అటాక్ అనీ, సుమారు 10 నిమిషాల్లో తారస్థాయికి చేరి తర్వాత దానంతటదే దిగుతుందనీ, గబగబా ఊపిరి పీల్చడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఆ తిమ్మిరి వస్తుందనీ ఆయన ఓపికగా వివరించారు. తిమ్మిరికి కారణం తెలిసిన రోజునే నా భయం సగం తగ్గింది. అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. మొదటిసారి ఛాతీలో నొప్పి వస్తే అది పానిక్ అని ఎవరూ ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు. ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, నడిస్తే పెరిగే నొప్పి, చల్లని చెమటలు ఉంటే 108కు ఫోను చేయాల్సిందే. నేను మూడుసార్లు పరీక్ష చేయించుకోవడం వృథా అని ఇప్పటికీ అనుకోను.

ఉదయగిరి విశ్రాంత ఉద్యోగి | మార్చి 15, ఉదయం 6:05

పెద్దవాడిగా ఒక మాట చెబుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. మా రోజుల్లో మెట్ట భూముల్లో వరుసగా మూడేళ్లు వర్షం లేకపోయినా గుండె నిబ్బరంతో బతికాం. మనసు దిటవుగా ఉంచుకుని, తెల్లవారుజామున లేచి ప్రాణాయామం చేస్తే ఇవేవీ దగ్గరికి రావు. మందులకు అలవాటు పడితే జీవితాంతం వాటి మీదే బతకాలి.

నెల్లూరు ఫిజీషియన్ | మార్చి 15, మధ్యాహ్నం 2:20

నేను నెల్లూరులో జనరల్ మెడిసిన్ వైద్యుడిని. నాడి పట్టి చూడకుండా ఈ వేదిక మీద రోగనిర్ధారణ చేయడం సరికాదు కాబట్టి, ఏ దారిలో వెతకాలో మాత్రమే చెబుతాను.

ముందుగా ఆ నరాల బలహీనత అన్న మాట గురించి. నెర్వస్ అన్న ఇంగ్లీషు మాటలో నరం ఉంది కాబట్టి మన వాడుకలో కంగారు నరాల బలహీనతగా మారిపోయింది. నిజంగా నరాలు దెబ్బతింటే అరికాళ్ల మంటలు, స్పర్శ తగ్గడం, చేతిలో పట్టు తప్పడం కనిపిస్తాయి. కంగారులో జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. అప్పుడు నరాలు అవసరానికి మించి చురుగ్గా పనిచేస్తుంటాయి. మెదడు ప్రమాదాన్ని పసిగట్టగానే సానుభూత నాడీవ్యవస్థ మేల్కొంటుంది, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. పరుగెత్తడానికో పోరాడడానికో కండరాలకు రక్తం కావాలి కాబట్టి గుండె వేగం పెరుగుతుంది. కండరాలు బిగుసుకుని సన్నగా వణుకుతాయి, ఒంటిని చల్లబరచడానికి చెమట పడుతుంది, జీర్ణక్రియ పక్కకు తప్పుకుంటుంది కాబట్టి నోరు ఎండి కడుపు తిప్పుతుంది. వాల్టర్ కానన్ అనే అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త 1915లోనే ఈ ప్రతిస్పందనను వర్ణించారు. పాము ఎదురైనప్పుడు ఇది మనల్ని కాపాడుతుంది. కానీ పొగాకు ధర పామూ కాదు, పరుగెత్తి తప్పించుకోగలిగేదీ కాదు. దాంతో ఆ స్థితి గంటలకొద్దీ, నెలలకొద్దీ కొనసాగుతుంది.

ఇంతవరకు మనసు నుంచి ఒంటికి వచ్చే దారి. ఒంటి నుంచి మనసుకు వెళ్లే దారి కూడా ఉందని ఉపాధ్యాయురాలు గారు చక్కగా చూపించారు. థైరాయిడ్ కాక రక్తహీనత, గుండె లయ తప్పడం, చక్కెర పడిపోవడం కూడా అచ్చంగా ఇదే కంగారును తెస్తాయి. చక్కెర జబ్బుకు గ్లిమెపిరైడ్ మాత్రలో, ఇన్సులినో వాడుతూ భోజనం ఆలస్యం చేసినవాళ్లకు వణుకు, చెమటలు వస్తే ముందు గ్లూకోమీటరు చూడాలి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. ఆస్తమాకు వాడే సాల్బుటమాల్, ముక్కు దిబ్బడకు వాడే కొన్ని మాత్రలు, స్టెరాయిడ్లు కూడా గుండె దడనూ వణుకునూ తెస్తాయి.

ఇక మీ విషయానికే వస్తే, నాకు కొన్ని సంగతులు తెలియాలి. సంక్రాంతి తర్వాత మొదలైందన్నారు. అది ఆకు కోసి బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గది) కాల్చే కాలం. మంచుకు తడిసిన పచ్చి ఆకును చేతులతో, చంకలో పెట్టుకుని మోసేవాళ్లకు నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఎక్కి వికారం, తలతిరుగుడు, చెమటలు, నాడి వేగంలో మార్పు వస్తాయి. దీన్ని పచ్చి పొగాకు జబ్బు అంటారు. అది సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది కాబట్టి మీ రెండు నెలల ఇబ్బందికి పూర్తి కారణం కాకపోవచ్చు, కానీ ఆరంభంలో దాని పాత్ర ఉండి ఉండవచ్చు. మీరు పొగ తాగుతారా? బ్యారన్ దగ్గర రాత్రి కాపలాలో ఎన్ని టీలు తాగుతారు? ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకపోవడం మంచిది. సాయంత్రం 6 గంటలకు తాగిన కాఫీలోని కెఫీన్‌లో సగం దాకా రాత్రి 11 గంటలకు కూడా ఒంట్లోనే ఉంటుంది. ఆ చిన్న మాత్ర పేరేమిటి?

పరగడుపున చక్కెర, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, ఒక ఈసీజీ, బీపీ. మొదట ఇవి చాలు. ఇంజెక్షన్లు ఇక వేయించుకోవద్దు.

చీమకుర్తి నుంచి ఒక కూతురు | మార్చి 15, సాయంత్రం 4:45

డాక్టర్ గారు రాసినదానికి ఒకటి జోడిస్తాను, ఎందుకంటే ఆ సంగతి తెలియక మేము మా నాన్నను పోగొట్టుకునేవాళ్లం. ఆయన గ్రానైట్ క్వారీలో పనిచేసేవారు, ఇరవై ఏళ్లుగా రోజూ తాగేవారు. అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేశారు. మేమందరం సంతోషించాం. మరుసటి రోజు ఉదయానికి చేతులు వణికాయి, విపరీతమైన కంగారు పట్టుకుంది. ఆ సాయంత్రం ఫిట్స్ వచ్చాయి, మూడో రోజుకు గోడ మీద లేనివి కనిపిస్తున్నాయని కేకలు వేశారు. కొందరు దీక్షలో ఏదో తప్పు జరిగిందన్నారు. ఒంగోలు ఆసుపత్రిలో చేర్చిన తర్వాతే అది మద్యం ఆపడం వల్ల వచ్చిన ప్రాణాపాయ స్థితి అని తెలిసింది. చాలాకాలం రోజూ తాగినవాళ్లు మానాలనుకోవడం ఎంతో మంచిది, కానీ దయచేసి వైద్యుల పర్యవేక్షణలో మానండి. మానిన మొదటి రోజుల వణుకును ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

కొండపి పొగాకు రైతు | మార్చి 15, రాత్రి 9:15

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. బరువు 2 కిలోలు తగ్గాను, వేడి సంగతి గమనించలేదు. మద్యం తాగను. రోజుకు పది సిగరెట్ల దాకా కాలుస్తాను, బ్యారన్ దగ్గర ఉన్న రాత్రుళ్లు ఇంకా ఎక్కువ. టీలు ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. మాత్ర అట్ట మీద అల్ప్రజోలామ్ 0.5 అని ఉంది. జనవరి చివరి నుంచి వాడుతున్నాను. మొదట ఒకటి, ఇప్పుడు కొన్ని రాత్రులు రెండు.

ఒంగోలు ఫార్మసిస్టు | మార్చి 15, రాత్రి 10:02

అన్నా, ఆ మాత్రను రేపటి నుంచి మానేద్దామని మాత్రం నిర్ణయించుకోకండి. వారాల తరబడి వాడిన అల్ప్రజోలామ్‌ను హఠాత్తుగా ఆపితే కంగారు, నిద్రలేమి రెట్టింపవుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. వేసుకోని మరునాడు ముందుకంటే ఎక్కువ కంగారుగా ఉంటుందని మీరే రాశారు. అది జబ్బు ముదరడం కాకపోవచ్చు, మాత్ర ప్రభావం దిగిపోవడం వల్ల కావచ్చు. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

ఇది 2014 నుంచి హెచ్1 షెడ్యూలులో ఉన్న మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, చీటీ రాసినవారి పేరు, రోగి పేరు, ఇచ్చిన మాత్రల సంఖ్య రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. నా వృత్తిలో ఉన్నవాళ్లలో కొందరు ఇది పాటించకపోవడం నాకు ఎంతో బాధ కలిగించే విషయం. ఊళ్లలో ఈ మాత్రను నిద్రమాత్ర అని చేతిలో పెట్టేస్తున్నారు, తీసుకున్నవాళ్లకు దాని పేరు కూడా తెలియదు.

కందుకూరు డిగ్రీ విద్యార్థిని | మార్చి 16, ఉదయం 8:40

నాకు ఇంటర్వ్యూలంటే గొంతు పూడుకుపోతుంది. స్నేహితురాలు ప్రొప్రనలాల్ మాత్ర ఒకటి వేసుకుంటే వణుకు రాదని ఇచ్చింది. నాకు చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది. వేసుకోవచ్చా?

నెల్లూరు ఫిజీషియన్ | మార్చి 16, ఉదయం 9:05

వేసుకోవద్దమ్మా. ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రొప్రనలాల్ శ్వాసనాళాలను బిగించి ప్రాణం మీదికి తేగలదు. ఆ మాత్రను తిరిగి ఇచ్చేయండి. మీ ప్రశ్నకు ఇక్కడున్న సైకాలజిస్టు గారు నాకంటే బాగా చెప్పగలరు.

నెల్లూరు సైకాలజిస్టు | మార్చి 16, మధ్యాహ్నం 1:30

అమ్మా, ఇంటర్వ్యూ ముందు కొంత కంగారు ఉండడం జబ్బు కాదు, అది సన్నద్ధతకు సహాయపడుతుంది. దాని భయంతో ఇంటర్వ్యూకే వెళ్లకపోవడం మొదలైతే అప్పుడు సమస్య. తప్పించుకున్న ప్రతిసారీ వెంటనే హాయిగా ఉంటుంది, కాబట్టి మెదడు ఆ గదిలో నిజంగానే ప్రమాదం ఉందని నేర్చుకుంటుంది. దాన్ని మళ్లీ నేర్పించే పద్ధతి మెట్లు మెట్లుగా ఎదుర్కోవడం. ముందు అమ్మ ఎదుట ఒక ప్రశ్నకు జవాబు చెప్పండి, తర్వాత ఇద్దరు స్నేహితుల ఎదుట, తర్వాత మీ అధ్యాపకుల ఎదుట. ప్రతి మెట్టు మీద కంగారు సగానికి తగ్గేదాకా అక్కడే నిలబడండి. పారిపోకుండా నిలబడితే అది తగ్గుతుందని చూడడమే ఇందులోని చికిత్స.

ఉదయగిరి పెద్దాయన ప్రాణాయామం గురించి చెప్పింది ఒక మేరకు నిజం. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. నిశ్వాస పొడవుగా ఉన్నప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. రోజూ పది నిమిషాలు, కంగారు లేనప్పుడే సాధన చేయాలి. వరద వచ్చిన రోజున ఈత నేర్చుకోలేం కదా. కానీ మనసు దిటవుగా లేకపోవడమే కారణమన్న మాటను నేను ఒప్పుకోలేను. ఆ మాట విని సిగ్గుపడి, చికిత్స లేకుండా ఏళ్లు గడిపినవాళ్లను నేను వారానికి ఎందరినో చూస్తున్నాను.

కంగారు తీవ్రతను కొలవడానికి 2006లో వచ్చిన జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పత్రం ఉంది. గత రెండు వారాల గురించి అడుగుతుంది. మొత్తం 21 మార్కుల్లో 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. అది నిర్ధారణ కాదు, డాక్టరుతో మాట మొదలుపెట్టడానికి ఆధారం. ఆసుపత్రికి రావడానికి వెనకాడేవాళ్లు ముందుగా టెలి-మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఉచితం, రాత్రింబగళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఉదయగిరి విశ్రాంత ఉద్యోగి | మార్చి 16, రాత్రి 7:50

చీమకుర్తి అమ్మాయి రాసింది చదివాక రాత్రి చాలాసేపు ఆలోచించాను. మా పెద్దన్నయ్య కూడా ఇలాగే ఒక్కసారిగా తాగుడు మానిన నాలుగో రోజున పోయాడు. గాలి సోకిందన్నారు, మేమూ అదే నమ్మాం. నేను నిన్న రాసిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

కొండపి పొగాకు రైతు | మార్చి 29, రాత్రి 8:30

ఒంగోలు వెళ్లి అన్నీ చేయించుకున్నాను. టీఎస్‌హెచ్ 2.1, పరగడుపు చక్కెర 104, హిమోగ్లోబిన్ 13.8, ఈసీజీ బాగుంది. బీపీ మొదట 150/94 ఉంది, అరగంట కూర్చోబెట్టి చూస్తే 134/86. సర్వజన ఆసుపత్రిలో మనోవైద్య విభాగానికి పంపారు. ఏడు ప్రశ్నల పత్రంలో 14 వచ్చింది. అల్ప్రజోలామ్‌ను రెండు వారాలకొకసారి తగ్గించే లెక్క రాసిచ్చారు, కంగారు తగ్గడానికి ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర చిన్న మోతాదులో మొదలుపెట్టారు, రెండు వారాల తర్వాత రమ్మన్నారు. టీలు మూడుకు తగ్గించాను. మధ్యాహ్నం 3 దాటాక తాగడం లేదు. ఒకేసారి అన్నీ వద్దని, సిగరెట్ల సంగతి వచ్చే నెల చూద్దామన్నారు.

డాక్టరు గారు అడిగితే అప్పు ఎంతో మొదటిసారి నా భార్య ముందు చెప్పాను. ఆమెకు అంతకుముందే తెలుసట.

ఒక అనుమానం. కొత్త మాత్ర మొదలుపెట్టి ఐదు రోజులైంది. కంగారు తగ్గకపోగా కొంచెం ఎక్కువైనట్టుంది, వికారంగా కూడా ఉంది. ఇది నాకు పడలేదని మానేయాలా?

నెల్లూరు ఫిజీషియన్ | మార్చి 29, రాత్రి 9:10

మీ అంతట మీరు మానకండి. మొదటి ఒకటి రెండు వారాల్లో కొందరికి కంగారు, వికారం పెరగడం ఈ మందుతో తెలిసిన విషయమే. చాలామందికి తర్వాత తగ్గిపోతాయి, అసలు ప్రయోజనం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అన్నం తిన్న తర్వాత వేసుకుంటే వికారం తగ్గవచ్చు. రేపే మీ డాక్టరుకు ఫోను చేసి ఇది చెప్పండి, అవసరమైతే మోతాదును వారే తగ్గిస్తారు. ఒకచోట కూర్చోలేనంత అలజడి వచ్చినా, బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఉదయం దాకా ఆగకుండా భార్యకు చెప్పి ఆసుపత్రికి వెళ్లాలి, లేదా 14416కు ఫోను చేయాలి. ఈ పది రోజులు రాత్రిపూట మోటారుసైకిలు మీద బ్యారన్‌కు ఒంటరిగా వెళ్లవద్దు.

కొండపి పొగాకు రైతు | మార్చి 29, రాత్రి 9:32

అలాంటి ఆలోచనలు లేవు సార్. రేపు ఉదయమే ఫోను చేస్తాను. బ్యారన్ దగ్గరికి తమ్ముడు వెళ్తానన్నాడు. గురువారం మళ్లీ ఒంగోలు వెళ్లాలి.

అల్లూరు రొయ్యల రైతు | మార్చి 29, రాత్రి 9:40

అన్నా, గురువారం నాకు కూడా మేత కంపెనీ పని మీద ఒంగోలులో పని ఉంది. ఓపీ చీటీల దగ్గర 9 గంటలకల్లా ఉంటాను. అక్కడ క్యూ పెద్దదిగా ఉంటుంది, ముందు వచ్చినవాళ్లం చీటీ తీసుకుని ఉంచుదాం.

కొండపి పొగాకు రైతు | మార్చి 29, రాత్రి 9:44

తప్పకుండా. నా భార్య కూడా వస్తోంది, అడగాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటోంది.